దేవరకొండ నుంచి డిండికి వచ్చి మా కారవాన్ బాగుచేసిన టెక్నీషియన్: పూర్తి అనుభవం

గత కార్తీక మాసంలో మా అమ్మను నల్లగొండ నుంచి శ్రీశైలం తీసుకొని వెళ్తుండగా, డిండి జలాశయం దాటకముందే మా కారవాన్ (లోపలే పడకలు, మరుగుదొడ్డి, వంట వసతి ఉన్న బండి) లోపలి కరెంటు ఆగిపోయి, సీటు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. దేవరకొండ నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చి, మూడు గంటల్లోపే పని ముగించి, మమ్మల్ని క్షేమంగా ముందుకు పంపిన టెక్నీషియన్ సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఐదు మార్కులకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను. ఒంటరిగా పనిచేసే మనిషినని, నలుమూలల నుంచి ఫోన్లు వస్తే అందుకోలేనని చెప్పి, తన పేరూ నంబరూ బయట రాయవద్దని ఆయన కోరారు. అందువల్ల ఆయన పనిచేసిన తీరునే వీలైనంత వివరంగా చెబుతాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఇలాంటి బండి ఉన్నవారికి, ఎవరిని పిలవాలో నిర్ణయించుకోవడానికి పేరుకన్నా ఆ వివరమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందుగా బండి సంగతి. అమ్మకు మోకాళ్ళ నొప్పి. దారిలో హోటళ్ళ మరుగుదొడ్లకు మెట్లెక్కి వెళ్ళడం ఆమెకు సాధ్యం కాదు. అయినా వాడపల్లి సంగమం, అలంపురం జోగులాంబ, శ్రీశైలం మల్లన్న, ఈ మూడూ కళ్ళారా చూడాలన్నది ఆమె కోరిక. అందుకే అన్నయ్యా నేనూ కలిసి, ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ మీద కట్టిన పాత కారవాన్ ఒకటి కొన్నాం. అందులో రెండు పడకలు, చిన్న మరుగుదొడ్డి, నీళ్ళ ట్యాంకు, 12 వోల్టుల పంపు, ఇండక్షన్ స్టవ్, చిన్న ఫ్రిజ్, అత్యవసరానికి 5 కిలోల గ్యాస్ సిలిండర్ ఉన్నాయి. వీటన్నిటికీ ఆధారం సీటు కింద ఉన్న 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, దాని పక్కనే ఉన్న 2000 వాట్ల ఇన్వర్టర్. కొనేటప్పుడు మేము జాగ్రత్తగా చూసింది ఆర్‌సీలో బండి తరగతి మోటార్ కారవాన్ అని ఉందా లేదా అన్నది ఒక్కటే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా బండి రూపం మార్చడం కుదరదని మాకు తెలుసు. లోపలి వైరింగును మాత్రం మేము తెరిచి చూడలేదు.

కొన్న రెండు నెలలకే ఒక ఇబ్బంది మొదలైంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ అంతా బాగానే ఉండేది. బండి ఆపి ఇండక్షన్ స్టవ్ వేస్తే మాత్రం రెండు మూడు నిమిషాల్లో ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయేది. బ్యాటరీ మీటరు చూస్తే నిండుగా ఉన్నట్టు చూపించేది. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాం. అక్కడివారు మీటరు పెట్టకుండానే బ్యాటరీ పోయిందని తేల్చి, ₹62,000కు కొత్త బ్యాటరీ వేశారు. మూడు వారాలు బాగుంది, తర్వాత మళ్ళీ అదే కూత. ఫోన్ చేస్తే, ఇన్వర్టర్ కూడా మార్చాలి, బండి తీసుకురండి అన్నారు. ఆ వర్క్‌షాపు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఏ తప్పుకు ఎంత మూల్యం చెల్లించామో పాఠకులకు తెలియాలనే చెబుతున్నాను.

డిండి దగ్గర ఆ రోజు మధ్యాహ్నం అన్నం వేడిచేద్దామని ఆగినప్పుడు, కూతతో పాటు కాలిన వాసన కూడా వచ్చింది. లైట్లు ఆరిపోయాయి, పంపు ఆగింది, అమ్మకు మరుగుదొడ్డిలో నీళ్ళు లేకుండా పోయాయి. ముందుకు వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు తర్వాత అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఆ దారిలో బండ్లను వదలరు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషిని, వాసన వస్తున్న బండిలో పెట్టుకొని అడవిలోకి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. జాతీయ రహదారి సహాయానికి 1033 నంబరు ఉంది కానీ, మా ఇంజన్ చక్కగా నడుస్తోంది. మాకు కావలసింది క్రేన్ కాదు, బండి లోపలి కరెంటు తెలిసిన మనిషి.

అలాంటి మనిషి దొరకడం ఎందుకు కష్టమో ఆ గంటలో నాకు బాగా అర్థమైంది. మోటారు మెకానిక్‌కు ఇంజన్, బ్రేకులు, సెల్ఫ్ మోటారు తెలుసు. ఇంటి వైర్‌మన్‌కు 230 వోల్టుల ఏసీ కరెంటు తెలుసు. కారవాన్ లోపల నడిచేది ఎక్కువగా 12 వోల్టుల డీసీ కరెంటు, అంటే బ్యాటరీ నుంచి వచ్చేది, అదీ వందకు పైగా ఆంపియర్లతో. ఇది ఆ ఇద్దరి చదువుకూ నడుమ పడిపోయే విషయం. మొదట నేను ఫోన్ చేసిన మెకానిక్, బండిని షెడ్డుకు తీసుకొస్తే చూస్తానన్నాడు. రెండో ఆయన సమస్య ఏమిటో వినకుండానే, వచ్చిపోవడానికి ₹3,000, పని చార్జీ వేరే అన్నాడు. పక్కనే చాయ్ తాగుతున్న బోరుబండి డ్రైవర్ మా మాటలు విని, తమ బండి వైరింగు చెడిపోయినప్పుడు దేవరకొండ నుంచి ఒకాయన పొలం దగ్గరికే వస్తాడని, వరికోత మిషన్లకూ ఆయనే దిక్కని చెప్పి నంబరు ఇచ్చాడు. రోడ్డు మీద దొరికిన ఆ ఒక్క మాట మాకు ఎంతో మేలు చేసింది.

ఫోన్ ఎత్తగానే ఆ టెక్నీషియన్ తన చార్జీ చెప్పలేదు. వాసన ఇంకా వస్తోందా, లోపల ఎవరైనా ఉన్నారా, గ్యాస్ సిలిండర్ ఎక్కడుంది, దాని రెగ్యులేటర్ ఆపారా అని అడిగారు. అమ్మను దింపి చెట్టు నీడన కూర్చోబెట్టమన్నారు. తర్వాత బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపించి, వైర్లను ముట్టకుండా సీటు కింది భాగం ఫొటోలు వాట్సాప్‌లో పంపమన్నారు. అవి చూశాక మళ్ళీ ఫోన్ చేసి, దేవరకొండ నుంచి రావడానికి ₹700, పనికి వేరుగా, సామాను బిల్లు ప్రకారం, చూసిన తర్వాత మొత్తం ఎంతవుతుందో చెప్పి మీరు సరేనంటేనే చేయి పెడతానని అన్నారు. ఎవరినైనా పిలిచే ముందు ఈ ఫోన్ సంభాషణను గమనించమని నా సలహా. మొదట మనుషుల క్షేమం అడిగి, తర్వాత లక్షణాలు అడిగి, ఆ తర్వాత డబ్బు మాట స్పష్టంగా చెప్పినవారు ఆ రోజు నేను పిలిచిన ముగ్గురిలో ఈయన ఒక్కరే.

గంటా పది నిమిషాల్లో వచ్చారు. ముప్పై అయిదేళ్ళ లోపు వయసు. మోటార్‌సైకిల్ వెనుక ఇనుప పెట్టె, అందులో మీటర్లు, కేబుల్ ముక్కలు, లగ్గులు (కేబుల్ చివర తొడిగే లోహపు కొనలు), వాటిని కేబుల్‌కు గట్టిగా నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టు, చిన్న మంటలార్పే సిలిండర్ ఉన్నాయి. మొట్టమొదట ఆ మంటలార్పే సిలిండర్‌ను తీసి తలుపు పక్కన పెట్టిన తర్వాతే ఆయన సీటు ఎత్తారు. చదువు గురించి అడిగితే, ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, ఆరేళ్ళు సెల్ టవర్ల బ్యాటరీ బ్యాంకుల మీద పనిచేశానని చెప్పారు. టవర్ల దగ్గర నడిచేది కూడా డీసీ కరెంటే, 48 వోల్టులు. తక్కువ వోల్టేజీలో ఎక్కువ ఆంపియర్లు పారితే ఏమవుతుందో రోజూ చూసిన మనిషి అన్నమాట. మన జిల్లాల్లో కారవాన్ మెకానిక్ అని బోర్డు కట్టినవారు నా ఎరుకలో లేరు. టవర్ల మీద, సోలార్ పంపుసెట్ల మీద పనిచేసినవారిలో వెతకాలన్న ఆలోచన నాకు ఈయన వల్లే వచ్చింది.

ఆయన పరీక్షించిన పద్ధతిని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఈ సేవ విలువ అంతా అక్కడే ఉంది. ముందు చల్లగా ఉన్న వైర్లను, బోల్టులను చేతితో కదిపి చూశారు. తర్వాత మెయిన్ వేసి, ఇండక్షన్ స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు పెట్టించి, క్లాంప్ మీటరును కేబుల్ చుట్టూ బిగించారు. మామూలుగా దుకాణాల్లో దొరికే చవక క్లాంప్ మీటర్లు ఏసీ కరెంటునే కొలుస్తాయి. ఈయన దగ్గర ఉన్నది డీసీని కూడా కొలిచేది. మీటరు 128 ఆంపియర్లు చూపింది. బ్యాటరీ మొనల దగ్గర 12.9 వోల్టులు, ఇన్వర్టర్ మొనల దగ్గర 10.9. నడుమ రెండు వోల్టులు ఎక్కడో పోతున్నాయి. మీటరు తీగల్లో ఒకదాన్ని బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోదాన్ని ఇన్వర్టర్ నెగెటివ్ మీద పెట్టి నాకు మీటరు చూపించారు: 1.8 వోల్టులు. పాజిటివ్ వైపు పోతున్నది 0.2 మాత్రమే. వెంటనే స్టవ్ ఆపించారు.

“సార్, బ్యాటరీ మంచిగనే ఉన్నది. ఇన్వర్టర్ది గుడ తప్పు లేదు. కరెంటు నడుమ తొవ్వల ఆగిపోతున్నది,” అన్నారు.

తప్పు ఎక్కడుందో చూపించడానికి నన్ను కిందికి వంగి చూడమన్నారు. బండి కట్టినవారు బ్యాటరీ నెగెటివ్ కేబుల్‌ను నేరుగా ఇన్వర్టర్‌కు ఇవ్వకుండా, ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) ఒక చోట, ఇన్వర్టర్ నెగెటివ్‌ను మరో చోట బిగించారు. ఆ బోల్టుల కింద పెయింటు గీకలేదు. వాషరు కింద నల్ల పెయింటు పొక్కులు లేచి, దాని చుట్టూ తుప్పు గోధుమరంగు పొడిలా రాలుతోంది. కేబుల్ చివరి లగ్గును ఎవరో కట్టింగ్ ప్లయరుతో నొక్కినట్టు ఒక వైపే సొట్టపడి ఉంది. ఎర్రగా ఉండవలసిన రాగి తీగలు నీలినలుపు రంగులోకి మారి, వాటి మీది తొడుగు కరిగి మైనంలా జారింది. 128 ఆంపియర్లు, 1.8 వోల్టులు అంటే ఆ కీళ్ళ దగ్గర, అంటే కేబుళ్ళు బిగించిన చోట్ల, సుమారు 230 వాట్ల వేడి. రేడియో మెకానిక్ వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు తొమ్మిదింటిని ఒకేసారి ప్లగ్గులో పెట్టి, అమ్మ కూర్చునే సీటు కింద వదిలిపెట్టినట్టే. అది విన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

ఇంజన్ నడిచినప్పుడు ఈ లోపం ఎందుకు బయటపడలేదో కూడా ఆయనే వివరించారు. ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 14 వోల్టుల దాకా ఇస్తుంది కనుక, రెండు వోల్టులు దారిలో పోయినా ఇన్వర్టర్‌కు చాలినంత అందుతుంది. ఇంజన్ ఆపితే ఆ వెసులుబాటు పోతుంది. కొత్త బ్యాటరీ వేసినప్పుడు బోల్టులు విప్పి మళ్ళీ బిగించడం వల్ల మూడు వారాలు కాస్త మెరుగ్గా నడిచి ఉంటుందని ఆయన ఊహ, నాకూ అదే నిజమనిపించింది. వర్క్‌షాపులో ఒక్కసారి ఆ మీటరు తీగ పెట్టి ఉంటే మాకు ₹62,000 మిగిలేది.

పని మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించి, నేను సరేనన్నాకే మొదలుపెట్టారు. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌ను బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇన్వర్టర్‌కు వేశారు. లగ్గులను హైడ్రాలిక్ పనిముట్టుతో నొక్కి, మీద ట్యూబు తొడిగి వేడిచేశారు. ఛాసిస్ బోల్టు దగ్గర పెయింటును తళతళలాడే ఇనుము కనిపించేదాకా గీకి, బిగించాక పెట్రోలియం జెల్లీ రాశారు. బ్యాటరీ పాజిటివ్ దగ్గర అసలు ఫ్యూజే లేదని చూసి, 200 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి ఆనుకొని పెట్టారు. ఫ్యూజు దూరంగా ఉంటే, దానికీ బ్యాటరీకీ నడుమ కేబుల్ ఒరుసుకున్నప్పుడు కాపాడేవారు ఉండరు. చివర మళ్ళీ స్టవ్ వేసి, ఇన్వర్టర్ దగ్గర 12.7 వోల్టులు చూపించారు. పావుగంట నడిపించి, ప్రతి కీలు మీదా చేయి పెట్టి చూశారు, నా చేతా పెట్టించారు. గోరువెచ్చన మాత్రమే.

పంపు మాత్రం కరెంటు వచ్చాక కూడా సన్నధారే ఇచ్చింది. పంపు ముందున్న చిన్న జాలీ గిన్నె విప్పి అరచేతిలో తట్టితే, సున్నపు పెచ్చుల్లాంటి తెల్లటి పొలుసులు రాలాయి. మేము ట్యాంకును మా ఇంటి బోరు నీళ్ళతో నింపేవాళ్ళం. నల్లగొండ బోరు నీళ్ళు ఎలాంటివో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది. ఫ్లోరైడ్ సంగతి అలా ఉంచితే, ఈ పెచ్చులు నీటి కాఠిన్యం వల్ల ఏర్పడినవి. ట్యాంకును మిషన్ భగీరథ నల్లా నీళ్ళతోనే నింపమని, నెలకోసారి ఆ జాలీ కడగమని చెప్పారు. జాలీ కడిగినందుకు డబ్బు తీసుకోలేదు.

గ్యాస్ విషయంలో ఆయన ప్రవర్తన నాకు అన్నిటికన్నా నచ్చింది. సిలిండర్ పెట్టిన గూటికి కింద గాలి పోయే కంత లేదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. కారితే పైకి పోకుండా కిందే పేరుకుంటుంది, అందుకే కంత ఆ గూటి అడుగున, బండి బయటికి తెరుచుకొని ఉండాలి. సబ్బు నురగ రాసి కీళ్ళు చూశారు, కారడం లేదు. అయినా రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, సిలిండర్‌ను మా అన్నయ్య వెనకాల తెస్తున్న కారు డిక్కీలోకైనా మార్చకుండా, డిండిలోని మా బంధువుల ఇంటి వరండాలో వదిలి వెళ్ళమన్నారు. గ్యాస్ పని తనకు తెలిసిన పని కాదని, కంత కొట్టించి, గొట్టం మార్పించాకే వాడమని స్పష్టంగా చెప్పారు. మరో ₹1,000 అడిగి ఆ పని కూడా చేసి ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు. తెలియని పనిని తెలియదని చెప్పే మనిషి చేతిలో తెలిసిన పనిని నిశ్చింతగా పెట్టవచ్చు.

ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి నేరుగా తీగ లాగి ఉండటాన్ని కూడా ఆయన గుర్తించారు. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఎంత వీలైతే అంత కరెంటు లాగేస్తుంది, దాంతో ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. అలా లాగకుండా అడ్డుకోవడానికి నడుమ 30 ఆంపియర్ల డీసీ–డీసీ ఛార్జర్ పెట్టాలన్నారు. అది తన దగ్గర లేదు కనుక, శ్రీశైలం నుంచి తిరిగి వచ్చాక మమ్మల్నే కొని తెమ్మన్నారు.

ఖర్చు వివరం ఇది: రావడానికి ₹700, పనికి ₹1,500, కేబుల్, లగ్గులు, ఫ్యూజు, దాని గూడు కలిపి ₹2,600. మొత్తం ₹4,800. చెప్పిన లెక్కకన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. తీసేసిన పాత కేబుల్‌ను సంచిలో పెట్టి నాకే ఇచ్చారు. పని జరుగుతున్నంతసేపూ చెట్టు కింద కూర్చున్న అమ్మ, “బిడ్డా, ఎండల పడి వచ్చినవ్, జర చాయ తాగిపో,” అంటే, “గ్యాస్ బందు పెట్టిన కద పెద్దమ్మా, కరెంటు పొయ్యి మీదనే పెట్టు, అది గుడ ఒక పరీక్షే,” అని కూర్చొని తాగి వెళ్ళారు.

ఇప్పుడు అర మార్కు సంగతి. బిల్లు నేను అడిగితేనే రాసి ఇచ్చారు, అదీ చేతిరాత చీటీ. నెల రోజుల పూచీ మాటతోనే సరి. టవర్ పనుల్లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తరు, సాయంత్రం వరకు ఆగాల్సి వస్తుంది. ఎయిర్ కండిషనర్ గ్యాస్, ఫ్రిజ్ కంప్రెషర్, పైకప్పు లీకేజీ ముట్టుకోరు. చీకటి పడ్డాక డిండి దాటి రారు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, నెగెటివ్ తీగలన్నీ కొత్త కేబుల్‌కు మార్చేటప్పుడు మరుగుదొడ్డి ఎగ్జాస్ట్ ఫ్యాను తీగలను తారుమారు చేశారు. ఫ్యాను వెనక్కి తిరిగి, బయటి గాలిని లోపలికి తోసింది. శ్రీశైలం చేరాక గమనించి ఫోన్ చేస్తే, తప్పు తనదేనని వెంటనే ఒప్పుకొని, రెండు తీగలు ఎలా మార్చాలో వీడియో కాల్‌లో చూపించారు. పని పెద్దది కాదు, అయినా వెళ్ళే ముందు స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసి ఉంటే బాగుండేది. మీరు ఎవరితో పని చేయించుకున్నా, డబ్బు ఇచ్చే ముందు ఆ పరీక్ష మీరే చేయండి.

డల్లాస్‌లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు దగ్గర ఇలాంటి బండే ఉంది, అక్కడ దాన్ని ఆర్‌వీ అంటారు. అతనికి ఇదంతా చెబితే, టెక్సస్‌లోని ఏథెన్స్ పట్టణంలో నేషనల్ ఆర్‌వీ ట్రైనింగ్ అకాడమీ ఈ పనికోసమే శిక్షణ ఇస్తుందని, బండి దగ్గరికే వచ్చే టెక్నీషియన్‌ను పిలిచేటప్పుడు తాము మొదట సర్టిఫికెట్ అడుగుతామని చెప్పాడు. మన దగ్గర అలాంటి ప్రత్యేక సర్టిఫికెట్ అడిగే వీలు ప్రస్తుతం నాకు కనిపించలేదు. ఐటీఐ ట్రేడు ఏమిటి, డీసీ కరెంటు మీద ఎక్కడ ఎన్నేళ్ళు పనిచేశారు, డీసీ క్లాంప్ మీటరు, హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టు సొంతంగా ఉన్నాయా అని ఇప్పుడు నేను అడుగుతున్నాను. కారవాన్ అద్దెకు ఇచ్చేవారు కూడా తమ టెక్నీషియన్లను ఈ ప్రశ్నలతోనే ఎంచుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే వాటిలో ఎక్కేది వృద్ధులు, పసిపిల్లలు.

ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు డిండి నుంచి కదిలి, మన్ననూరు గేటును ఏడున్నర లోపే దాటాం. మర్నాడు అమ్మ మల్లన్న దర్శనం చేసుకుంది. తిరిగి వచ్చిన రెండు వారాలకు ఆ టెక్నీషియన్ నల్లగొండలోని మా ఇంటికి వచ్చి, మేము కొని ఉంచిన డీసీ–డీసీ ఛార్జర్ బిగించి, డిండిలో వేసిన కీళ్ళన్నిటినీ మళ్ళీ కొలిచారు. ఇన్వర్టర్ దగ్గర అదే 12.7. ఫ్యాను తీగల విషయం గుర్తుపెట్టుకొని, ఆ రోజు రాకపోకల చార్జీ తీసుకోలేదు. గ్యాస్ సిలిండర్ గూటికి కంత ఇంకా కొట్టించవలసి ఉంది. అది పూర్తయ్యాక, సంక్రాంతి వెళ్ళగానే అలంపురానికి బయలుదేరుతాం.